హ్యారీ పాటర్ ఏడు పుస్తకాల బాక్స్ సెట్: ఏడాదికి పైగా రాత్రిళ్ళు చదివాక నా రివ్యూ

హ్యారీ పాటర్ అంటే అమ్మానాన్నా లేని ఒక కుర్రాడు మంత్రాలు నేర్పే బడిలో చదువుకునే కథ. ఈ సెట్ కొని ఏడాది దాటింది. కొన్న వారంలోనే రివ్యూ రాసేద్దామనుకున్నా గానీ అప్పటికి మేము మొదటి పుస్తకం సగంలోనే ఉన్నాం, మొన్న ఆదివారం రాత్రి ఏడోది అయిపోయింది కాబట్టి ఇప్పుడు కూర్చుని రాస్తున్నా. కొంచెం పెద్దగానే ఉంటుంది, పిల్లలకి కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ళు ఓపిక చేసుకుని చదవండి. రేటింగ్ అంటే నా తరఫున ఐదుకి నాలుగున్నర, ఆ అర ఎందుకు తగ్గించానో కింద చెప్తా.

ముందు కొనడం సంగతి. మొదట ఆన్‌లైన్‌లో ఎవరో సెల్లర్ దగ్గర సగం రేటుకే వస్తోందని ఆర్డర్ పెట్టా, తీరా వచ్చింది చూస్తే పైరసీ కాపీ. పేపర్ ఎంత పల్చగా ఉందంటే అవతలి పేజీ అక్షరాలు ఇటువైపు కనపడుతున్నాయి, రెండో పుస్తకంలో ఒక పదహారు పేజీలు రెండుసార్లు కుట్టేసి తర్వాత రావాల్సిన పదహారు అసలు పెట్టనేలేదు. వాపస్ పంపి డబ్బులు వెనక్కి రావడానికి మూడు వారాలు పట్టింది. అందుకే చెప్తున్నా, షాపుకెళ్ళి చేత్తో పట్టుకుని పేజీలు తిప్పి చూసి కొనండి, నాకు అలా కొంటే మూడు వేల లోపే పడింది. ఈ రెండో సెట్ మాత్రం బావుంది, పేపర్ కొంచెం పసుపు రంగు, కళ్ళకి ఇబ్బంది ఉండదు, ఏడాదిగా రోజూ తెరిచి మూసినా వీపు మీద గీతలు పడ్డాయే గానీ ఒక్క పేజీ ఊడలేదు. అక్షరాలు మాత్రం చిన్నవి, మా నాన్నగారు కళ్ళజోడు పెట్టుకుని కూడా రెండు పేజీలు తిప్పి పక్కన పెట్టేశారు. బరువు గురించి కూడా చెప్పాలి, మొదట్లో బ్రిటన్‌లో వేసినప్పుడు మొదటి పుస్తకం 223 పేజీలు, ఐదోది 766, ఆ తేడా చేతికి తెలుస్తుంది, ఐదోది పడుకుని చదివితే పది నిమిషాలకే మణికట్టు లాగేస్తుంది.

నాకు ఈ పుస్తకాలతో పరిచయం 2007లో, ఇంజనీరింగ్ చదివేటప్పుడు, హాస్టల్లో. ఆ ఏడాది జూలై 21, శనివారం, ఏడో పుస్తకం రిలీజ్. లండన్లో అర్ధరాత్రి అంటే మనకి తెల్లవారుజామున నాలుగున్నర. మా రూమ్మేట్‌కి వాళ్ళన్నయ్య కొనిచ్చిన ఒకే ఒక్క కాపీ ఎనిమిది మందిమి వంతులేసుకుని చదివాం, ఒక్కొక్కళ్ళకి ఒక రాత్రి ఒక పగలు, టైం అయిపోతే చివరి పేజీలో ఉన్నా సరే లాక్కోవడమే. మొదటి రోజే అమెరికా, బ్రిటన్ రెండూ కలిపి కోటి పది లక్షల దాకా కాపీలు అమ్ముడుపోయాయి. అదే రచయిత్రి, జె.కె. రౌలింగ్, మొదటి పుస్తకం పట్టుకుని తిరిగితే పన్నెండు మంది పబ్లిషర్లు వద్దన్నారు, చివరికి 1997 జూన్ 26న అచ్చయినప్పుడు గట్టి అట్టతో వేసినవి 500 కాపీలే, అందులో చాలా భాగం లైబ్రరీలకే పోయాయి. పదేళ్ళలో ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో చూడండి.

కానీ అప్పుడు నేను చదివింది కథ కోసం. ఎవరు చచ్చిపోతారు, ఎవరు గెలుస్తారు, ఆ బడిలో స్నేప్ మాస్టారు మంచివాడా చెడ్డవాడా, అంతే. ఈసారి మా పాపకి చదివి వినిపిస్తుంటే వేరే పుస్తకం చదువుతున్నట్టు అనిపించింది. నేను ఇన్నాళ్ళూ మంత్రాల కథ అనుకున్నది నిజానికి చావు గురించిన కథ, పోయినవాళ్ళు లేకుండా బతకడం ఎలా అనే కథ.

ఎందుకు మొదలెట్టామో చెప్పాలి. సెట్ కొనడానికి నాలుగు నెలల ముందు మా అమ్మ పోయింది. పాపకి అప్పుడు తొమ్మిదేళ్ళు, పుట్టినప్పట్నుంచీ అమ్మమ్మ పక్కనే పడుకునేది, అమ్మమ్మ కథ చెప్తేనే నిద్ర. నాన్నగారు కూడా మాతోనే ఉంటారు. రాత్రి అయితే ఇంట్లో ఒకరకమైన నిశ్శబ్దం, తాతయ్య ఒక మంచం మీద, మనవరాలు ఒక మంచం మీద, ఇద్దరూ సీలింగ్ చూస్తూ. నాకు అమ్మలాగా కథలు చెప్పడం రాదు. అందుకని ఈ పుస్తకం తీసి, ఒక పేరా ఇంగ్లీషులో చదివి, అదే తెలుగులో చెప్పడం మొదలెట్టా, తాతయ్యకి కూడా అర్థం కావాలని.

మొదటి పుస్తకంలో ఒక అద్దం వస్తుంది. ఎరిసెడ్ అద్దం. డిజైర్ అనే ఇంగ్లీషు మాటని వెనక నుంచి చదివితే వచ్చే పేరు అది, ఎవరు ముందు నిలబడితే వాళ్ళ మనసులో అన్నిటికన్నా లోతుగా ఉన్న కోరిక అందులో కనపడుతుంది. హ్యారీ నిలబడితే వాడి వెనకాల చచ్చిపోయిన అమ్మా నాన్నా నవ్వుతూ చెయ్యి ఊపుతూ కనపడతారు. వాడు మర్నాడు రాత్రి మళ్ళీ వెళ్తాడు, ఆ మర్నాడు మళ్ళీ వెళ్తాడు. ఆ పేజీ దగ్గర పాప నా చెయ్యి పట్టుకుని ఆపేసింది. "అమ్మా, మనకి ఆ అద్దం ఉంటే అమ్మమ్మ కనపడుతుందా?" అంది. నాకు ఏం చెప్పాలో తెలీలేదు. పక్క మంచం మీంచి నాన్నగారే అన్నారు, "కనపడుతుందిరా తల్లీ, నాక్కూడా కనపడుతుంది. ముందు అమ్మని మిగతాది చదవనీ, ఆ పిల్లాడు ఏం చేశాడో చూద్దాం" అని. మిగతాది ఏంటంటే హెడ్మాస్టర్ డంబుల్‌డోర్ వచ్చి, ఈ అద్దం ముందు కూర్చుని జీవితాలు పాడుచేసుకున్నవాళ్ళు ఉన్నారు, దీన్ని వేరే చోటికి మార్చేస్తున్నా, ఇంక వెతకొద్దు అని చెప్తాడు. ఆ రాత్రి మా ఇంట్లో ముగ్గురం మొదటిసారి అమ్మ గురించి గట్టిగా మాట్లాడుకున్నాం, పన్నెండు దాటేదాకా.

తర్వాత తెలిసింది, రౌలింగ్ ఈ కథ రాయడం మొదలెట్టిన ఆర్నెల్లకే, 1990 డిసెంబర్లో, వాళ్ళమ్మ పోయారు. మల్టిపుల్ స్క్లెరోసిస్, 45 ఏళ్ళే. తను ఇలా ఒక కథ రాస్తున్నానని అమ్మకి చెప్పనేలేదట. అది తెలిశాక ఆ అద్దం చాప్టర్ మళ్ళీ ఒక్కదాన్నే కూర్చుని చదువుకున్నా. రౌలింగ్ పుట్టినరోజూ హ్యారీ పుట్టినరోజూ ఒకటే, జూలై 31. డిమెంటర్లు అని మూడో పుస్తకంలో వస్తాయి, దగ్గరికొస్తే చలేస్తుంది, సంతోషం అనేదంతా ఒంట్లోంచి పీల్చేసినట్టు అవుతుంది, అవి కూడా తను డిప్రెషన్‌లో ఉన్న రోజుల్లోంచి వచ్చినవే అని ఆవిడే చెప్పారు. వాటి నుంచి తేరుకోడానికి లూపిన్ మాస్టారు హ్యారీకి ఒక చాక్లెట్ ముక్క తుంచి ఇస్తాడు. మా పాప ఇప్పటికీ తాతయ్య మరీ మౌనంగా కూర్చుంటే ఫ్రిజ్‌లోంచి చాక్లెట్ తెచ్చి ఒక గడి తుంచి చేతిలో పెడుతుంది, షుగర్ ఉంది కాబట్టి ఒక్క గడే.

ఇంక ఆరో పుస్తకం. కథ తెలీనివాళ్ళు ఈ పేరా వదిలేయండి. హ్యారీ అమ్మానాన్నల్ని చంపిన దుష్ట మంత్రగాడు వోల్డెమార్ట్ చావకుండా ఉండడానికి తన ఆత్మని ముక్కలు చేసి ఒక ఉంగరంలో, ఒక లాకెట్లో, ఒక గిన్నెలో, ఒక పాములో ఇలా దాచుకుంటాడు, వాటిని హార్‌క్రక్స్ అంటారు, అవన్నీ నాశనం చేస్తే తప్ప వాడు చావడు. నేను ఇది కష్టపడి తెలుగులో వివరిస్తుంటే నాన్నగారు లేచి కూర్చుని "ఓసి ఇదా, మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉన్నట్టేగా!" అన్నారు. ఇంక ఆ రాత్రి పుస్తకం మూసేశాం. బాలనాగమ్మ కథ మొత్తం చెప్పారు, చిన్నప్పుడు ఊళ్ళో బుర్రకథగా విన్నారట, ఫకీరు బాలనాగమ్మని కుక్కగా మార్చి ఎత్తుకుపోవడం, కొడుకు బాలవర్ధిరాజు పెద్దవాడై అమ్మని వెతుక్కుంటూ వెళ్ళడం, ఏడు సముద్రాల అవతల ఉన్న చిలకని పట్టుకొచ్చి రెక్క విరిస్తే ఫకీరు చెయ్యి పడిపోవడం. పాప నోరు తెరుచుకుని వింది. మర్నాడు పొద్దున టిఫిన్ తింటూ అడిగింది, "తాతయ్యా, ఫకీరుకి ఒక్కటే చిలక, వోల్డెమార్ట్‌కి ఇన్ని ఉన్నాయి కదా, మరి ఎవరు గట్టివాడు?" ఆయన ఇడ్లీ తింటూనే "ముక్కలు చేసుకున్నకొద్దీ మనిషి తగ్గుతాడు గానీ పెరుగుతాడా" అన్నారు. ఆ పుస్తకంలో చెప్పేదీ సరిగ్గా అదే, ప్రతి ముక్కకీ ఒక హత్య చెయ్యాలి, ప్రతి ముక్కకీ వాడు మనిషితనం పోగొట్టుకుంటూ వస్తాడు. ఆయన ఒక్క పేజీ కూడా ఇంగ్లీషులో చదవలేదు. అలాగే మొదటి పుస్తకం పేరులో ఉన్న రాయి, ఫిలాసఫర్స్ స్టోన్, అంటే మన పరుసవేదే, వేమన కథలో వచ్చేది, అది చెప్పగానే ఆయనకి ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. మన పిల్లలకి ఇది పరాయి కథ అనుకునేవాళ్ళు ఇంట్లో పెద్దవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని చదవండి, ఎన్ని దారులు తెరుచుకుంటాయో మీకే తెలుస్తుంది.

నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించింది రక్తం గొడవ. మంత్రగాళ్ళలో కూడా మా రక్తం స్వచ్ఛం, మీది కాదు అనేవాళ్ళు ఉంటారు. హ్యారీ స్నేహితురాలు హెర్మయినీ అమ్మానాన్నలు మామూలు మనుషులు, పళ్ళ డాక్టర్లు, క్లాసులో అందరికన్నా బాగా చదివేది ఆ పిల్లే, అయినా రెండో పుస్తకంలో మాల్ఫాయ్ అనే కుర్రాడు అందరి ముందూ ఆ పిల్లని మడ్‌బ్లడ్ అంటాడు, బురద రక్తం అని. హ్యారీ స్నేహితుడు రాన్‌కి కోపం వచ్చి శాపం పెట్టబోతే మంత్రదండం విరిగి ఉండడం వల్ల అది వాడికే తగిలి నోట్లోంచి నత్తల్లాంటివి కక్కుతాడు, పిల్లలు ఆ నత్తల దగ్గర నవ్వుతారు. మా పాప నవ్వలేదు. "అంటే కింద ఫ్లాట్ ఆంటీ మీరేవిట్లు అని అడిగి, చెప్పాక వాళ్ళ పాపని మన ఇంటికి పంపడం మానేసింది, అలాంటిదా?" అంది. తనకి అది గుర్తుందని కూడా నాకు తెలీదు. అలాంటిదే నాన్నా అని చెప్పా. కులం గురించి పదేళ్ళ పిల్లకి ఎలా చెప్పాలా అని నేను ఎప్పట్నుంచో మధనపడుతున్నా, ఈ పుస్తకం ఆ మాట నా నోటికి అందించింది. 2014లో ఇటలీలో పరిశోధకులు చిన్న పిల్లలకి ఈ వివక్ష ఉన్న భాగాలే చదివించి మాట్లాడితే, హ్యారీలో తమని చూసుకున్న పిల్లలకి వలస వచ్చినవాళ్ళ మీద అభిప్రాయం మెరుగైందని తేలింది. నాకు ఆశ్చర్యం వెయ్యలేదు, మా ఇంట్లో చూశా కాబట్టి.

ఐదో పుస్తకంలో అంబ్రిడ్జ్ అనే టీచర్ వస్తుంది, పింక్ స్వెటర్, గోడల మీద పిల్లి బొమ్మల ప్లేట్లు, తియ్యటి గొంతు. పరీక్షకి థియరీ చాలు ప్రాక్టికల్ ఎందుకు అంటుంది. హ్యారీ నిజం చెప్తే అబద్ధాలు చెప్పకూడదు అని ఇంపొజిషన్ రాయిస్తుంది, ఆ కలంలో సిరా ఉండదు, వాడు కాగితం మీద రాసేకొద్దీ అదే వాక్యం వాడి చేతి వెనక చర్మం మీద చెక్కుకుంటూ వస్తుంది, కాగితం మీద పడేది వాడి రక్తమే. ఇంపొజిషన్లు రాసి పెరిగిన మనలాంటివాళ్ళకి ఆ సీన్ ఎంత గుచ్చుకుంటుందో వేరే చెప్పక్కర్లేదు. పిల్లలు ఊరుకోరు, ఎవరికీ తెలీకుండా ఒక గదిలో చేరి ఒకళ్ళకొకళ్ళు నేర్పుకుంటారు. మార్కుల్ని బట్టి సెక్షన్లు మార్చే బడిలో చదివే మా పాప ఆ చాప్టర్లు మూడుసార్లు చదివించుకుంది.

బయట ప్రపంచంలో ఇది ఏం చేసిందో కూడా కొంచెం చెప్పాలి. అరవై కోట్లకి పైగా కాపీలు, ఎనభైకి పైగా భాషలు. న్యూయార్క్ టైమ్స్ వాళ్ళు 2000లో పిల్లల పుస్తకాలకి విడిగా బెస్ట్ సెల్లర్ లిస్ట్ పెట్టాల్సొచ్చింది, ఎందుకంటే పెద్దవాళ్ళ లిస్టులో పై స్థానాలన్నీ వీటివే. మంత్రాలు రాని మామూలు మనుషుల్ని కథలో పిలిచే మగుల్ అనే మాట 2003లో ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీలోకి ఎక్కింది. కథలో చీపుర్లెక్కి ఎగురుతూ ఆడే క్విడిచ్ ఆటని 2005లో అమెరికాలో ఒక కాలేజీ పిల్లలు నేల మీద నిజంగానే ఆడడం మొదలెట్టారు, ఇప్పుడు దాన్ని క్వాడ్‌బాల్ అంటున్నారు. మంత్రతంత్రాలు నేర్పుతున్నాయని అమెరికాలో ఎంతమంది అడ్డుచెప్పారంటే 2000 నుంచి 2009 దాకా లైబ్రరీల్లోంచి తీసేయమని ఎక్కువ ఫిర్యాదులు వచ్చిన పుస్తకాల్లో మొదటి స్థానం దీనిదే. లండన్లో ఉండే మా పిన్ని కొడుకు కింగ్స్ క్రాస్ స్టేషన్ ఫోటో పంపాడు, కథలో హ్యారీ గోడలోంచి దూరి బడి రైలెక్కేది అక్కడే, గోడలో సగం దూరిపోయిన సామాన్ల ట్రాలీ, దాని దగ్గర ఫోటో దిగడానికి క్యూ, పాప ఆ ఫోటో ప్రింట్ తీయించుకుని బీరువా తలుపుకి అంటించుకుంది.

ఇంక అర మార్కు ఎందుకు తగ్గించానంటే. లావుగా ఉన్నవాళ్ళని, ముఖ్యంగా హ్యారీ పెద్దమ్మ కొడుకు డడ్లీని, ఎప్పుడూ లావు గురించే తక్కువ చేసి రాయడం నాకు నచ్చలేదు, వివక్ష గురించి అంత బాగా రాసినావిడ ఇది ఎందుకు చూసుకోలేదా అనిపిస్తుంది, నేను చదివేటప్పుడు చాలాచోట్ల ఆ మాటలు దాటేశా. పద్మా పాటిల్, పార్వతీ పాటిల్ అని ఇద్దరు కవల అమ్మాయిలు వస్తే పాప ఎంత సంబరపడిందో, కానీ వాళ్ళకి కథలో పెద్దగా పనే ఉండదు, డాన్స్‌కి జోడీలుగా రావడం తప్ప. ఇంటి పనులు చేసే ఎల్ఫ్‌లు అనే మరుగుజ్జు జీవుల బానిసత్వం గురించి హెర్మయినీ ఒక్కతే పోరాడుతుంటే మిగతావాళ్ళు నవ్వుతారు, ఆ సంగతి చివరిదాకా తేలదు. ట్రాన్స్‌జెండర్ మనుషుల గురించి 2020 నుంచి రౌలింగ్ అంటున్న మాటలు ఎంతోమంది పాఠకులని బాధపెట్టాయి, హ్యారీగా వేసిన డేనియల్ రాడ్‌క్లిఫ్ కూడా ఆవిడతో ఏకీభవించనని బహిరంగంగా చెప్పాడు. నాకూ బాధేసింది. కొనేముందు ఇది తెలుసుకుని కొనండి, పిల్లలు పెద్దయ్యాక వాళ్ళతో కూడా మాట్లాడండి. తెలుగులో మొదటి పుస్తకం అనువాదం వచ్చింది గానీ నేను తిరిగిన షాపుల్లో దొరకలేదు, మంచి తెలుగులో ఏడూ సులభంగా దొరికితే మా నాన్నగారిలాంటివాళ్ళు ఎంతమంది చదువుకునేవాళ్ళో.

సినిమాలు చూశాం కదా పుస్తకాలు ఎందుకు అనేవాళ్ళకి ఒక్క మాట, సినిమాల్లో యుద్ధం బావుంటుంది, ఇళ్ళల్లో జరిగే చిన్న చిన్న సంగతులు పుస్తకంలోనే ఉన్నాయి. ఏడో పుస్తకంలో ముగ్గురన్నదమ్ముల కథ ఒకటుంది, చావుని మోసం చేసి తలా ఒక వరం తీసుకుంటారు. ఇద్దరు తొందరగానే పోతారు. మూడోవాడు కనపడకుండా చేసే దుప్పటి కప్పుకుని ముసలితనం దాకా హాయిగా బతికి, ఆఖర్న ఆ దుప్పటి కొడుక్కిచ్చి, పాత స్నేహితుడు వచ్చినట్టు చావుతో పాటు నడిచి వెళ్ళిపోతాడు. ఆ పేజీ నాన్నగారు రెండుసార్లు చెప్పించుకున్నారు. రెండోసారి అయ్యాక లైటు తీసెయ్యమ్మా అన్నారు, అంతే.

వయసు గురించి చాలామంది అడుగుతారు కాబట్టి చెప్తా. మొదటి మూడూ తొమ్మిదేళ్ళ పిల్లలకి హాయిగా చదివి వినిపించొచ్చు. ఐదోది మధ్యలో నెమ్మదిస్తుంది, హ్యారీ అందరి మీదా అరుస్తూ ఉంటాడు, అక్కడ విసుక్కోకుండా రోజుకి ఐదారు పేజీలు చొప్పున లాగించండి. నాలుగోది మాత్రం జాగ్రత్త. అందులో చివర్లో ఒక కుర్రాడు చచ్చిపోతాడు, చాలా మంచి పిల్లాడు, హ్యారీ ఆ శవాన్ని వదలకుండా పట్టుకుని వాళ్ళ నాన్న దగ్గరికి తీసుకొస్తాడు. మేము అది రాత్రి పదిన్నరకి చదివాం, పాప తెల్లారేదాకా పడుకోలేదు. మీరు సెలవు రోజు పొద్దున పూట చదవండి, పక్కనే కూర్చుని, అది అయ్యాక ఆ పూట వేరే పనేమీ పెట్టుకోకుండా.